గడప బయటి రాయి

మా మేనమామ వాళ్ల మిద్దె తలవాకిలిని ఆచారి ఊడదీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, కుందూ వైపు కొంచెం లోపలికి ఉన్న ఊరు అది. పేరు చెప్పను. చెబితే ఎవరి మిద్దో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. రాయీ మట్టీ కలిపి లేపిన గోడలు, దూలాల మీద దంతెలు పరిచి చౌడుమన్ను తొక్కిన పైకప్పు. వాకిలి మాత్రం ఏగిమానుది. నల్లమల నుంచి ఎద్దుల బండి మీద తెప్పించారని మా అవ్వ చెప్పేది.

మా సీమలో వాకిలి అంటే తలుపు. ‘వాకిలి వేసి పో’ అంటే తలుపు మూసి పొమ్మని. మా అత్త వాళ్లింటికి గుంటూరు నుంచి వచ్చిన కోడలు మొదటిరోజు ‘వాకిలి ఊడ్చాను అత్తయ్యా’ అంటే, తలుపును ఊడ్చడమేందని ఇల్లంతా వారం రోజులు నవ్వింది. ఆ పిల్లకు వాకిలి అంటే ఇంటి ముందరి నేల. మాకు ఆ నేలకు అడ్డంగా నిలబడేది. ఒకే మాట ఒకచోట పిలుపు, ఇంకోచోట అడ్డు. ఇది భాషలో వచ్చిన చిన్న తేడా మాత్రమేనా అన్న అనుమానం నాకు ఈ మధ్యనే మొదలయింది.

బెంగళూరులో ఉద్యోగం చేసే బావకు ఈ ఇంటి మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. అమ్మేద్దామన్నవాళ్లను ఆపి, ముందు తలవాకిలి బాగుచేయిద్దామన్నాడు. ఆయన పెట్టిన షరతు ఒకటే: ‘ఉన్నది ఉన్నట్టు’ చేయాలి. నీలం, ఆకుపచ్చ, కాఫీపొడి రంగు ఎనామెల్ పూతలు ఒకదాని మీద ఒకటి ఉంటే ఆచారి వాటిని మంటతో మెత్తబరిచి గీకేశాడు. కింద చిలకలు, తామరలు, లోపలి మాను ఎర్రగా బయటపడ్డాయి. మేకన్నది లేదు, అంతా కుసికి బెజ్జం కలిపి బిగించిన పని. ‘మానుకు ఇంకా ప్రాణముండాది సార్, చచ్చింది కడపే’ అన్నాడు ఆచారి. మా పల్లెల్లో గడపను కడప అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్క జిల్లా కేంద్రానికి ఆ పేరు తిరుమలకు గడప కావడం వల్లే వచ్చిందని చెప్పుకుంటారు.

గడప చావడానికి కారణం చెదలు అనుకున్నాం. అసలు కారణం వీధి. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కితే గడప. మట్టి దారి మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సీసీ రోడ్డు. ఎవరూ పాతది తవ్వి కొత్తది వేయలేదు. ఎప్పటికప్పుడు వేసిన దాని మీదే వేశారు. ఊరు ఎత్తయింది, ఇల్లు గుంతలో పడింది. వానొస్తే వీధి నీళ్లు గడప కింద చేరతాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే గోడ అడుగున సిమెంటు పూయించారు. సున్నం, మట్టి తేమను పీల్చుకుంటాయి, ఎండకు వదిలేస్తాయి. సిమెంటు దాన్ని బయటకు పోనివ్వదు. చెమ్మ లోపలే ఇరుక్కుని పక్కనున్న మానును తినేసింది. కాపాడతామని వేసిన పూతే చంపింది. ఇందులో కూడా ఏదో తాత్వికత ఉందని బావ మొదలుపెట్టబోయాడు గానీ, ముందు సిమెంటు కొట్టేయిద్దామని నేనే ఆపాను. గానుగసున్నం ఆడేవాళ్ల కోసం పదిరోజులు తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగుడు గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది.

‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట దగ్గరే నాకు చిక్కు. ఎప్పుడు ఉన్నట్టు? వాకిలి పెట్టిన రోజున ఉన్నట్టా, తాత ఆకుపచ్చ రంగు కొట్టించినప్పుడు ఉన్నట్టా, మేం పిల్లలుగా దానిమీద సుద్దముక్కతో ఎక్కాలు రాసినప్పుడు ఉన్నట్టా? గ్రీకుల దగ్గర థీసియస్ ఓడ కథ ఉంది. చెక్క తర్వాత చెక్క మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది అదే ఓడా అని. మన దగ్గర నాగసేనుడు మిలింద రాజును అడిగిన ప్రశ్న అంతకన్నా సూటిగా ఉంటుంది. రాజు రథమెక్కి వచ్చానన్నాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. రథమన్నది వాటన్నిటికీ కలిపి మనం పెట్టుకున్న పేరని తేల్చాడు. చదువుకునే రోజుల్లో ఆ వాదం నన్ను ముంచెత్తింది. ఇప్పుడు ఇంకోటి తడుతోంది. రథం వెంట దుమ్ములో నడిచి వచ్చినవాళ్లూ కొందరు ఉండి ఉంటారు కదా. వాళ్ల ఊసు ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఇంగ్లండులో ఇట్లాంటి ఇళ్లకు జాబితాలున్నాయి. 1947 నాటి చట్టం దగ్గర నుంచి ఆ పద్ధతి గట్టిపడింది. జాబితాకెక్కిన ఇంటికి వీధి తలుపు మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. మన హైదరాబాదులో పట్టణ జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన కింద అట్లాంటి జాబితా ఒకటి ఉండేది. 2015లో ఆ నిబంధనే పోయింది, 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం తెచ్చుకుంది, 2019లో పాత ఇర్రమ్ మంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. నంద్యాల ప్రాంతపు మిద్దెలకు ఆ గొడవే లేదు. 1960 నాటి రాష్ట్ర చట్టం పేరుపెట్టి రక్షించేవి గుళ్లు, కోటలు, శాసనాలు, మహా అయితే ఒక మహనీయుడి ఇల్లు. మామూలు మిద్దెకు కావలి దాని వారసుల మనసే. అది ఎంత నికరమైన కావలో, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు చూపించాయి. 1981లో మునక ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు గుళ్ల రాళ్లకు అంకెలు వేసి విప్పి, తీసుకుపోయి మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు జగన్నాథగట్టు మీదికి చేరాడు. ఇళ్ల రాళ్లకు ఎవరూ అంకెలు వేయలేదు. దేవుడికి చిరునామా మారింది, మనుషులకు చిరునామా పోయింది.

ఈ ప్రాంతంలో వాకిళ్ల సంగతి తలుచుకుంటే నాకు రెండు గుర్తొస్తాయి. రెండూ రేనాటివే. ఒకటి కోయిలకుంట్లది. పాలెగాళ్ల హక్కులు పోయి, మన్రో కలెక్టరు చేతిలో కోటలు కూలి, తవర్జీ భరణాల మీద బతుకుతున్న కుటుంబాల్లో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ఆయన్ను అదే ఊళ్లో జనం ముందు ఉరితీసింది. తల కోటకు వేలాడదీసింది. ఆ తల 1877 వరకు అక్కడే ఉందంటారు. ముప్ఫై ఏళ్లు! కోట దగ్గరికి వచ్చేపోయే ప్రతివాడికీ తలెత్తితే కనిపించేట్టు. ప్రవేశం దగ్గర మామిడాకులు కడతాం, గుమ్మడికాయ కడతాం. రాజ్యం మనిషి తల కట్టింది. మన తోరణమూ రాజ్యం కట్టిన తలా చేసే పని ఒక్కటే, లోపల ఎవరిదో వచ్చేవాడికి ముందే తెలియజెప్పడం.

రెండోది ఉయ్యాలవాడలోనే ఉంది. 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి తన ఇంటి దగ్గర వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చింది. పాటలు కట్టి పాడుకున్నారు. ఈ రెంటినీ విడివిడిగా ఎన్నిసార్లు విన్నానో. తేదీలు పక్కపక్కన పెట్టుకున్నది మాత్రం ఈ వాకిలి పనప్పుడే. 1866లో గంజి కోసం నడిచి వచ్చిన జనంలో కోయిలకుంట్ల మీదుగా వచ్చినవాళ్లకు, కోట మీద ఆ తల కనిపించే ఉండాలి. ఒకే దారిలో, ఒకే పూటలో, ఆకలి మనిషికి రెండు వాకిళ్లు ఎదురయ్యాయి. తల వేలాడదీసిన పాలన, గంజి పోసినవాడికి పతకమిచ్చిన పాలన కూడా ఒకటే. కంపెనీ పోయి రాణి వచ్చిందన్నమాటే గానీ, కోట మీద నుంచి తలను దించాలని అప్పటికీ ఎవరికీ తోచలేదు.

1877 అనగానే ఇంకోటి. ఆ ఏడాదే లండన్లో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టాడు. పాతదాన్ని ‘పూర్వంలా’ చేస్తామని కొత్త నగిషీలు చెక్కి గోడల అరుగుదలను చెరిపేయడం అబద్ధమాడటమేనని వాళ్ల పట్టుదల. మరమ్మతు చేయండి, మళ్లీ సృష్టించకండి అన్నారు. అంతకు ముందే రస్కిన్ ఇంకా కటువుగా అన్నాడు. 1964లో వెనిస్‌లో కూడిన నిపుణులు దాన్నే నియమంగా రాసుకున్నారు: ఊహ మొదలయ్యే చోట పని ఆపాలి, కొత్తగా పెట్టిన ముక్క పాతదానితో కలిసిపోవాలి గానీ కొత్తదని తెలిసిపోవాలి. మంచి నియమం. మోరిస్ మీద నాకు గౌరవమే. చర్చి గోడల మీద వందల ఏళ్ల అరుగుదల చెరగకూడదని ఆయన తపన పడుతున్న ఆ సంవత్సరమే మా సీమలో ధాతు కరువు. మనుషులే అరిగిపోతున్నారు. ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. రాతి మీద గీతను చూడగల కన్ను ఎంత దూరం చూడగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే నా ప్రశ్న. నా కన్ను ఎక్కడ ఆగిందో తర్వాత చెబుతాను.

గడపకు మాను మళ్లీ పెడితే వీధి నీళ్లకు పదేళ్లు కూడా నిలవదని ఆచారి తేల్చాడు. రాయి పెట్టుకోమన్నాడు. బేతంచెర్ల నాపరాయి పలకలు చవక, కానీ గడపకు అంత మందం దొరకడం, అంచు పెచ్చులు లేవకుండా నిలవడం కష్టం. అందుకని ఆళ్లగడ్డ పోయాం. రోడ్డు పక్కన షెడ్లు, షెడ్ల ముందు సగం చెక్కిన దేవుళ్లు, నాయకులు, నందులు వరసగా నిలబడి ఉంటాయి. ముక్కు వచ్చి కళ్లు రాని విగ్రహాలను చూస్తే నాకెప్పుడూ జాలేస్తుంది. ఆ దుమ్ము మీదుగా కేకలేసుకుంటూ మాట్లాడాలి. బావ ఫోనులో పాత గడప ఫోటో చూపించాడు. నడిమిన లోతుగా అరిగిన గుంత, తరాల పాదాలు తొక్కి చేసింది. శిల్పి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, ‘ఈ గుంత గూడ పెట్టాల్నా సార్?’ అన్నాడు.

బావ నా వైపు చూశాడు. నేను వెనిస్ గురించి ఏదో చెప్పబోయాను. అంతలో శిల్పే అన్నాడు, ‘పెట్టేది గంట పని. కాకుంటే నీళ్లు నిలుస్తాయి.’

నాలుగు తరాల నడకను ఒక్క గంటలో చెక్కేస్తానన్న మాట అక్కడ ఎంత మామూలుగా వినిపించిందో, దారిలో అంత బరువెక్కింది. ఆ చేయి ఆ గుంతను అచ్చంగా చెక్కగలదు, ఎవరూ తేడా పట్టలేరు. అందుకే వద్దనిపించింది. అరగని గడపనే చేయించాం. మా తర్వాతివాళ్లు తొక్కితే వాళ్ల గుంత వాళ్లకు పడుతుంది, తొక్కకపోతే లేదు. అయినా గడప అరగడానికి ఆ ఇంటి బతుకే కావాలని లేదు. బనగానపల్లె అవతల యాగంటి దారిలో నవాబుల కాలపు బంగ్లా ఉంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ దాన్ని గద్వాల కోటగా చూపించాక, జనం ఆ పాడుబడిన కట్టడాన్ని సినిమా పేరుతోనే పిలుస్తున్నారు. నవాబుల పేరు అడిగేవాడు తక్కువ. లేని కథ తొక్కి కూడా గడపలు అరుగుతాయి.

బనగానపల్లె అనగానే నాకు బంగ్లా కంటే ముందు గుర్తుకు రావలసింది గరిమిరెడ్డి అచ్చమ్మ ఇల్లు. పోతులూరి వీరబ్రహ్మం ఆ ఇంట పశువుల కాపరిగా కుదిరాడని, రవ్వలకొండ గుహలో తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడని, ఆ ఆకులను ఆ ఇంటి ఆవరణలోనే పాతిపెట్టి పైన చింతమొక్క నాటారని చెబుతారు. నిజమెంత, కథ ఎంత అని విడదీసే ఓపిక నాకు లేదు. నన్ను పట్టుకున్నది కథలోని ఒకే ఒక మలుపు. కాపరి దగ్గరికి యజమానురాలు వెళ్తుంది, ఆయన చేస్తున్నదేమిటో చూస్తుంది, శిష్యురాలవుతుంది. కూలీకి వచ్చినవాడు ఏ వాకిలి గుండా లోపలికి వచ్చి ఉంటాడు? పశువుల పక్కనున్న దొడ్డివాకిలి గుండానా? గురువయ్యాక ఏ వాకిలి గుండా? తలవాకిలి మీద చిలకలెన్ని చెక్కారో రాసిపెట్టుకునే మనం, అది ఎవరికి ఎప్పుడు మొదటిసారి తెరుచుకుందో ఎక్కడా రాసుకోలేదు. ఆ బ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యా ఉన్నాడు, కక్కయ్యా ఉన్నాడు. మఠాలకు పోయి మొక్కే మేం, మా ఇళ్ల ముందు ఏం చేశాం?

ఇక్కడే నా కన్ను ఆగిన చోటు చెప్పాలి.

మా మేనమామ వాళ్ల తలవాకిలికి కుడిపక్క, గడపకు నాలుగడుగుల అవతల, వీధిలో ఒక నల్ల బండ ఉండేది. రోడ్లు ఎత్తు పెరిగి సగం పూడిపోయింది. ఆర్కిటెక్టు గీసిన పటంలో అది లేదు. వాకిలి వెడల్పు, చిలకల లెక్క, గొళ్లెం కొలత, అన్నీ ఉన్నాయి. నేను తీసిన ముప్ఫై ఫోటోల్లో కూడా అది అంచున నాలుగింటిలో మాత్రమే పడింది. ఆ బండ మీద జీతగాళ్లు కూర్చునేవాళ్లు. పొద్దున పశువులు విప్పకముందు, మాపున కట్టేశాక. సంగటి ముద్ద మా అవ్వ గడప లోపల నిలబడి పైనుంచి వేసేది, వాళ్లు కింద నుంచి పట్టుకునేవాళ్లు. మా అవ్వ చెడ్డమనిషి కాదు. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా కషాయం కాచి పంపేది. కషాయం కూడా పైనుంచే. ఆ ముద్దకూ ఆ చేతికీ నడుమ ఉన్న జానెడు ఖాళీని ఏ మానుతో కొలవాలి? చిలకలు చెక్కిన చెక్కంత గట్టిది, అంతే పాతది అది కూడా.

బావకు చెప్పాను, ఈ బండ సంగతేమిటని. ఆయన ముఖం మాడిపోయింది. ‘తీసేయిద్దాం’ అన్నాడు వెంటనే. ఉన్నది ఉన్నట్టు అన్న మనిషే. సిగ్గుతో అన్నాడు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ సిగ్గు కలిగించేది తీసేసి, అందంగా ఉన్నది మిగుల్చుకుంటే మేం బాగుచేస్తున్నది వాకిలినా, మా పేరునా? ఉంచితే మాత్రం? వచ్చిన చుట్టాలకు ఇక్కడ జీతగాళ్లు కూర్చునేవారని చూపించడానికా? రెండూ నాకు తప్పుగానే తోచాయి. వెనిస్ నియమాల్లో దీనికి జవాబు దొరకలేదు.

ఆ మధ్యాహ్నం వాకిలి లేదు. ద్వారబంధం విప్పి అరుగు మీద పరిచారు, గడప తీసి గోడకు ఆనించారు. ఇంటికి ముందు వైపు గోడలో పెద్ద కంత తప్ప ఏమీ లేదు. మేకపిల్లొకటి లోపలికి వచ్చి నడవలో తిరిగి, రంపపుపొట్టు వాసన చూసి పోయింది. అప్పుడు ఒక ముసలాయన వచ్చాడు. మా మామ కాలంలో ఆ ఇంట్లో జీతం ఉన్నవాడు. మేం ఏడెనిమిదేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు ఆయన్ను పేరు పెట్టి ‘ఒరే’ అని పిలిచేవాళ్లం, ఆయనకు అప్పటికే పెళ్లయి పిల్లలు. వచ్చి, గడప ఉండాల్సిన చోటికి రెండడుగుల ఇవతల ఆగాడు. అక్కడ గీత లేదు, చెక్క లేదు, రాయి లేదు. అయినా ఆయన కాలికి తెలుసు.

‘లోపలికి రా పెద్దాయనా’ అన్నాడు బావ. ఆ ‘పెద్దాయనా’ ఆయన నోటికి కొత్త, ముసలాయన చెవికీ కొత్తే.

‘రాన్లే సామీ. వాకిలి పెట్టనీ.’

ఆ మాటకు అర్థమేమిటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. వాకిలి లేని ఇంట్లోకి రావడం మర్యాద కాదనా? పెట్టాక వస్తాననా? పెట్టాక నువ్వు మళ్లీ పిలుస్తావేమో చూద్దామనా? పక్కనే ఆచారి ఉలి నూరుకుంటూ తల ఎత్తలేదు. ముసలాయన మనవరాలు నంద్యాలలో నర్సింగు చదువుతోందట, ఆ కబుర్లు కొంచెం చెప్పాడు. మా అవ్వ పోయిన ఏడాది అడిగాడు. గోడకు ఆనించిన పాత గడపను చూసి, ‘ఎంత బరువుండేదో, నలుగురం పట్టినాం దీన్ని ఎత్తేదానికి’ అన్నాడు. ఆ గడపను ఆయన ఎప్పుడు ఎత్తాడు? తాత కాలంలో ఒకసారి వాకిలి సరిచేయించినప్పుడట. దాన్ని దాటి లోపలికి పోనివ్వని మనిషి చేతనే దాన్ని మోయించాం. ఇదీ మాకు తెలియదు, ఆయన చెప్పేదాకా.

బావ ఉండబట్టలేక బండ చూపించాడు. ‘దీన్ని తీసేపిస్తాండాను పెద్దాయనా. ఇంక ఎందుకు ఇది.’ గొంతులో క్షమాపణ లాంటిదేదో ఉంది.

ముసలాయన బండ వైపు చూశాడు. పైకి తేలిన సగం నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. మా గడప మీది గుంత కన్నా అది ఎక్కువ అరిగిందని అప్పుడే గమనించాను.

‘తీయొద్దు సామీ’ అన్నాడు. ‘మా నాయన రాయి అది.’

పోయి దానిమీద కూర్చున్నాడు, రోడ్డు ఎత్తు పెరిగింది కాబట్టి మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు. బీడీ ముట్టించాడు. బావ కాసేపు కంత లోపల నిలబడి, తర్వాత బయటికొచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, పాత గడపను నేలమీదికి వాల్చి దానిమీద కూర్చున్నాడు. ఆచారి టేపు తీసి కంత వెడల్పు మళ్లీ ఒకసారి కొలిచాడు.